చెవా, యాపా, బైనాక్యులరా, కెమెరానా? వాడకట్టు పిట్టల కోసం దేనితో మొదలుపెట్టాలి

పిట్టల్ని గమనించడం మొదలుపెడదాం అనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "బైనాక్యులర్ ఏది కొనాలి?" అని. నేను తిరిగి అడిగేది "మీ ఇంటి దగ్గర చెట్లున్నాయా, చెరువుందా?" అని. సంబంధం లేని ప్రశ్నలా వినిపిస్తుంది గానీ సగం జవాబు అందులోనే ఉంది. చెట్టు మీది పిట్ట ఆకుల చాటున కూర్చుని నోరు చేసుకుంటుంది. చెరువులోది ఎదురుగా నిలబడి నోరు మూసుకుంటుంది. మొదటిదాన్ని చెవితో పట్టుకోవాలి, రెండోదాన్ని కంటితో.

మాది హన్మకొండ. కాలనీలో వేపలు, కానుగలు, గుడి దగ్గర ఒక పెద్ద రావి. భద్రకాళి చెరువు బండి మీద పది నిమిషాలు. రెండు చోట్లా తిరుగుతూ నాలుగేళ్లలో నాలుగు పద్ధతులూ వాడి చూశాను: ఒట్టి చెవులు, ఫోన్‌లో కూత విని పిట్ట పేరు చెప్పే యాప్, బైనాక్యులర్, కెమెరా. వరుస మాత్రం తలకిందులైంది. ముందు బైనాక్యులర్ (అదీ నకిలీ సరుకు), తర్వాత కెమెరా, ఆ తర్వాత యాప్, చివరాఖరికి చెవులు. మీరు ఆ వరుసలో వెళ్లి డబ్బులు తగలేసుకోకూడదనే ఇదంతా రాస్తున్నా.

## ముందు తేల్చుకోవాల్సినవి

చోటు సంగతి చెప్పాను. దాని తర్వాత చూసుకోవాల్సింది మీ ఒంటి సంగతి. కళ్లజోడు ఉందా? చేతులు కాస్త వణుకుతాయా? సన్నటి శబ్దాలు సరిగ్గా వినబడుతున్నాయా? వయసు పైబడేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి పై శ్రుతులే. కాకి అరుపు బ్రహ్మాండంగా వినబడే పెద్దాయనకు, పక్కనే మందారం మీద తేనెపిట్ట కూస్తున్నా వినబడకపోవచ్చు. ఇది తెలియక "మా ఇంటి దగ్గర పిట్టలే లేకుండా పోయాయి" అనేవాళ్లను చూశాను.

టైం కూడా లెక్కే. రోజూ టీ తాగేటప్పుడు పది నిమిషాలు దొరికేవాళ్లు వేరు, ఆదివారం మూడు గంటలు దొరికేవాళ్లు వేరు. చెవికి రోజూ కాస్త కాస్త సాధన కావాలి, వారానికొకసారి వింటే మళ్లీ మొదటికి వస్తుంది. బైనాక్యులర్‌కు ఆ బాధ లేదు, వారం రోజులు బీరువాలో ఉన్నా అలగదు.

ఇంకొకటి, దీన్ని నిజాయితీగా అడుక్కోవాలి: మీకు కావాల్సింది పిట్ట పేరా, పిట్టా, పిట్ట ఫొటోనా? మూడింటికీ మూడు దారులు. ఏదీ తక్కువ కాదు గానీ, ఫొటో కావాల్సినవాళ్లకు చెవుల గురించి చెబితే విసుగొస్తుంది, పిట్ట కావాల్సినవాళ్లు కెమెరా కొంటే ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు.

డబ్బును చివర పెట్టాను, ఎందుకంటే ఈ అలవాటుకు డబ్బు నిజంగానే చివరి విషయం. దానికంటే ముందు చూడాల్సింది, మీరు ఎంచుకునే పద్ధతి వల్ల పిట్టకు ఎంత ఇబ్బంది అన్నది.

| | చెవి, నోటుబుక్కు | యాప్ | బైనాక్యులర్ | కెమెరా |
|---|---|---|---|---|
| ఖర్చు | 30 రూపాయలు | ఉచితం (ఫోన్ ఉంటే) | 6 వేల నుంచి 12 వేలలో మంచిదే వస్తుంది | 50 వేల పైమాటే |
| గుబురు చెట్ల మధ్య | బ్రహ్మాండం | బాగుంటుంది | సగం సగం | మెడనొప్పి |
| చెరువు గట్టున | పెద్దగా పనికిరాదు | పెద్దగా పనికిరాదు | దీనికి సాటి లేదు | చాలా బాగుంటుంది |
| రద్దీ రోడ్డు పక్కన | కష్టం | ఇంకా కష్టం | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు |
| చేయి తిరగడానికి | ఒక సీజన్ | ఒక పూట | నాలుగు పొద్దులు | నెలలు |
| మనసులో నిలిచేది | చాలా | తక్కువ | చాలా | ఫొటోలో ఉంటుంది, మనసులో అనుమానమే |
| పిట్టకు ఇబ్బంది | లేదు | రికార్డింగులు మోగిస్తే ఉంది | లేదు | దగ్గరికి వెళ్తే ఉంది |

## చెవులు, ఒక నోటుబుక్కు

ఇందులో కొనాల్సింది ఏమీ లేదు కాబట్టి దీన్ని ఎవరూ ఒక పద్ధతిగా లెక్కపెట్టరు. నేనూ పెట్టలేదు. కంసాలి పిట్ట వచ్చి బుద్ధి చెప్పేదాకా.

ఏప్రిల్ మధ్యాహ్నం, కాకులు కూడా నీడ పట్టిన వేళ. ఎదురింటి వేపలోంచి టుక్, టుక్, టుక్ అని ఒకటే చప్పుడు, ఎవరో తీరిగ్గా కూర్చుని చిన్న సుత్తితో రాగి బిందె చొట్టలు తీస్తున్నట్టు. తాళం తప్పదు, శ్రుతి మారదు. బైనాక్యులర్ పట్టుకుని ఇరవై నిమిషాలు వెతికాను. ఎడమ కొమ్మలోంచి వస్తున్నట్టుంటుంది, అటు తిప్పేసరికి కుడివైపు నుంచి వినబడుతుంది. రెండు పిట్టలేమో అనుకున్నా. చేతులు పీకి, బైనాక్యులర్ పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాక తెలిసింది, చప్పుడు అక్కడే ఉంది, దాని ముఖమే తిరుగుతోంది. ఆ పిట్ట కూస్తూ కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది. మళ్లీ చూస్తే వేప చిటారున, ఎండిన పుల్ల మీద, దాపరికం లేకుండా కూర్చుని ఉంది. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు. ముక్కు మూసే ఉంది. టుక్ అన్నప్పుడల్లా గొంతు కింద చర్మం ఉబ్బి తగ్గుతోంది.

చెవి ముందు, కన్ను తర్వాత. చెట్లున్న వాడలో ఈ వరుస తప్పితే ఇరవై నిమిషాలు మెడ నొప్పే మిగులుతుంది.

చెవిని తయారుచేసుకోవడానికి నాకు పనిచేసిన ఉపాయం ఏమిటంటే, కొత్త పిట్టల కోసం వెంపర్లాడకుండా ముందు ఐదు పాత గొంతులు ఖాయం చేసుకోవడం: కాకి, గోరింక, రామచిలుక, పావురం, పిగిలిపిట్ట. మన వాడల్లో తెల్లవారుజామున లేచే గోలలో ఎక్కువ భాగం వీటిదే. ఈ ఐదూ ఇంట్లో మనుషుల గొంతుల్లా తెలిసిపోతే, ఆరోది దానంతటదే విడిగా వినబడుతుంది. మాకు ఆరోది జెముడు కాకి. బావిలోంచి వచ్చినట్టు హూప్, హూప్, హూప్ అంటుంది. అంత బరువైన గొంతు పిట్టదని మా పక్కింటి వాళ్లు చాన్నాళ్లు నమ్మలేదు, కోతి అనుకునేవారు.

తెలుసనుకున్న గొంతుల్లో కూడా తెలియనివి ఉంటాయి. కోయిల కుహూ అందరికీ తెలుసు, కానీ అది మగదాని పాట. ఆడది కిక్-కిక్-కిక్ అని గాబరాగా అరుస్తుంది, ఒళ్లంతా గోధుమ రంగు మీద తెల్లమచ్చలు. అదీ కోయిలేనంటే మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు, "కోయిల నల్లగుంటది బిడ్డా" అంటుంది. చలికాలంలో కోయిల ఎటో వెళ్లిపోతుందనుకుంటాం గానీ ఊళ్లోనే ఉంటుంది, నోరు విప్పదు అంతే.

నోటుబుక్కులో పేరు రాయకండి, చప్పుడు రాయండి. "టుక్ టుక్, ఒకే శ్రుతి, ఎండెక్కాక, వేప చివర" అని రాస్తే పేరు ఎప్పుడైనా దొరుకుతుంది. పేరొక్కటే రాస్తే, అది తప్పైతే, మిగిలేది ఏమీ లేదు. నా మొదటి వారం పుస్తకంలో మూడు చోట్ల "చిక్ చిక్ చిక్, ఆపకుండా, జామచెట్టు" అని ఉంది, పక్కన "కొత్త పిట్ట?" అని ప్రశ్న గుర్తు. అది ఉడుత. మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు ఉడుతను పిట్టగా రాసుకుంటారు, సిగ్గుపడక్కర్లేదు. శబ్దాన్ని రాశాను గనక నెల తర్వాతైనా దిద్దుకోగలిగాను.

లోపాలు కూడా చెప్పాలి. ఇది నిదానం. వేసవి మొదట్లో మొదలుపెడితే వానలు పడేనాటికి పాతికదాకా గొంతులు పట్టుబడతాయి, అంతకుమించి తొందరపడితే అన్నీ కలగాపులగం అవుతాయి. తప్పు వింటే తప్పని చెప్పేవాళ్లుండరు. పొద్దెక్కి బస్సులు, ఆటోలు మొదలైతే చెవి చేతులెత్తేస్తుంది, సూర్యోదయానికి అటో అరగంట ఇటో అరగంట, అదే దీని కాలం.

## యాప్

ఇప్పుడు అందరి నోటా ఉన్నది మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి శాస్త్ర విభాగం తయారుచేసింది, ఉచితం. శబ్దం విని పేరు చెప్పే సదుపాయం అందులో 2021లో వచ్చింది. ఫోన్ విన్న శబ్దాన్ని అది తెర మీద గీతల బొమ్మగా మారుస్తుంది, శ్రుతి పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి. ఆ బొమ్మను తనకు తెలిసిన బొమ్మలతో పోల్చి పేరు చెబుతుంది. మన ప్రాంతపు పక్షుల ప్యాక్ ఒకసారి ఇంట్లో వైఫై మీద దింపుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. బర్డ్‌నెట్ అని ఇంకొకటి ఉంది, అందులో రికార్డు చేసిన శబ్దంలో మనకు కావాల్సిన ముక్కను ఎంచి అడగొచ్చు. మొదలుపెట్టేవాళ్లకు మెర్లినే తేలిక.

పక్కన అనుభవమున్న మనిషి ఉన్నట్టే ఉంటుంది, అదే దీని గొప్ప. చలికాలం వలస వచ్చే సన్నటి ఆకుపచ్చ వార్బ్లర్లు మామిడి గుబుర్లో క్షణం నిలవవు, బైనాక్యులర్‌లో చూసినా ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియదు. వాటిని గొంతుతోనే విడదీయాలి. అలాంటి చోట యాప్ నాకు రెండు సీజన్ల శ్రమ తప్పించింది.

కానీ అది చెప్పిందల్లా నమ్మితే కొంప మునుగుతుంది. వెనకాల మిక్సీ తిరుగుతున్నా, గాలి మైకులో కొడుతున్నా, నాలుగు పిట్టలు ఒకేసారి అరుస్తున్నా తడబడుతుంది. అనుకరించే పిట్టలు దాన్ని ఆడుకుంటాయి. మా వైర్ల మీద కూర్చునే ఏట్రింత అచ్చం డేగలా అరుస్తుంది, మిగతా పిట్టలే భయపడి లేచిపోతాయి, ఇక ఫోన్ ఎంత. తెర మీద పేరు వచ్చిందంటే "అటు చూడు" అని అర్థం చేసుకోండి, "రాసుకో" అని కాదు. నేను పెట్టుకున్న నియమం: కంటితో చూస్తేనో, నా చెవికి నేనే ఒప్పుకుంటేనో తప్ప యాప్ చెప్పిన పేరు పుస్తకంలోకి ఎక్కదు.

రెండో ప్రమాదం ఇంకా మెత్తగా ఉంటుంది. పేరు టక్కున కనబడేసరికి చెవి పని మానేస్తుంది. ఆరు నెలలు రోజూ యాప్ పెట్టి విన్న మా తమ్ముడు, ఒకరోజు ఫోన్ చార్జింగ్ అయిపోతే బుల్‌బుల్‌ను కూడా గుర్తుపట్టలేకపోయాడు. అంటే పొద్దున పొద్దున్నే వాకిట్లో అరిచే మన పిగిలిపిట్టనే. దీనికి మందు ఒకటే: ఫోన్‌ను బోర్లా పెట్టండి, మీరు ముందు ఊహించండి, తర్వాత తిప్పి చూడండి.

ఇంకొక్క మాట, ఇది వేడుకోలు. యాప్‌లో చాలా పిట్టల కూత రికార్డింగు ఉంటుంది. దాన్ని పిట్ట దగ్గర గట్టిగా మోగించి రప్పించకండి. గూడు కట్టుకునే కాలంలో తన జాగాలోకి ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మానేసి, గూడు వదిలి కొట్లాటకు వస్తుంది. ఇంట్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి, ఎన్నిసార్లయినా.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక సంగతి. మెర్లిన్ చెవి ముందుగా తయారైంది అక్కడి పిట్టల మీదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి వెనక కార్డినల్‌ను, రాబిన్‌ను విని నేర్చుకోవాలంటే యాప్‌తో మొదలుపెట్టడమే మంచిది. చిన్నప్పటినుంచీ విన్న గొంతులు కావు కాబట్టి చెవికి పాత పరిచయం అంటూ ఏదీ ఉండదు.

## బైనాక్యులర్

చెరువు గట్టున నడిచేవాళ్లు పై రెండు భాగాలూ చదవకపోయినా నష్టం లేదు, ఇక్కడినుంచి మొదలుపెట్టండి. గుడ్డికొంగ, నీటికాకి, బాతులు, దూరంగా బురదలో తిరిగే ఉల్లంకులు, ఇవి గొంతు ఇచ్చి పిలిచే రకం కావు. గుడ్డికొంగైతే కాళ్ల దగ్గరినుంచి తెల్లటి రెక్కలతో లేచేదాకా అక్కడుందనే తెలియదు.

ఇప్పుడు నా నకిలీ సరుకు కథ. ఆన్‌లైన్‌లో ఒక దుకాణంలో 1,400 పెట్టి కొన్నాను, పెట్టె మీద "20 రెట్లు" అని ఉంది. ఎక్కువ రెట్లైతే పిట్ట ఎక్కువ పెద్దగా కనబడుతుంది కదా అనుకున్నా. చెరువు దగ్గర కళ్లకు పెట్టుకుంటే కొంగ ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి జరిగిన రెండు కొంగలు. అంచుల చుట్టూ ఊదా రంగు. పది నిమిషాల్లో కణతలు నొప్పి. రెండు గొట్టాలూ ఒకే చోటికి గురిపెట్టకపోతే అలా అవుతుందని తర్వాత తెలిసింది.

పెట్టె మీద ఉండే రెండు అంకెల అర్థం తెలిస్తే ఎవరూ మోసపోరు. 8×42 అంటే 8 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రెండో అంకెను మొదటిదానితో భాగించండి: 42ని 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు అది. 10×25 చిన్న జేబు బైనాక్యులర్‌లో అది రెండున్నర మాత్రమే. మిట్టమధ్యాహ్నం రెండూ బాగానే ఉంటాయి. పిట్టలు చురుగ్గా ఉండే మసక వెలుతురులో మాత్రం రెండోది నల్లగా కనబడుతుంది.

రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది, కనబడే మేర తగ్గుతుంది. గుబుర్లో గంతులేసే పిట్టను ఆ ఇరుకు కిటికీలో పట్టుకోవడం సూదిలో దారం ఎక్కించడమే. అందుకే వాడకట్టుకు 8 రెట్లు చాలు. ఎప్పుడూ చెరువు దగ్గరే ఉండేవాళ్లు, చేయి నిలకడగా ఉన్నవాళ్లు 10 రెట్లకు వెళ్లొచ్చు.

బడ్జెట్ 10 వేల లోపైతే భుజాలు వెడల్పుగా ఉండే పాతకాలపు ఆకారం, పోరో ప్రిజం అంటారు, అదే తీసుకోండి. ఆ ధరకు నిటారు గొట్టాల రకం కంటే బొమ్మ బాగుంటుంది. లావుగా, కాస్త బరువుగా ఉంటుంది, దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదరదు. బాల్కనీలో మూడు మీటర్ల దూరంలో తేనెపిట్టను చూడాలనుకుంటే కొనేముందు ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో అడగండి. కళ్లజోడు ఉన్నవాళ్లు అడగాల్సింది ఐ రిలీఫ్, అంటే కంటికీ అద్దానికీ మధ్య ఎంత దూరమున్నా బొమ్మ పూర్తిగా కనబడుతుందన్నది, అది 15 మిల్లీమీటర్లైనా ఉండాలి, లేకపోతే గుండ్రటి బొమ్మలో నడిమి ముక్కే కనబడుతుంది. కళ్లజోడుతో చూసేటప్పుడు కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను కిందికి మడవాలి.

దుకాణానికి వెళ్లి కొంటే బయటికి తెచ్చి దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. తీగ ఒక్కటిగా, అంచు శుభ్రంగా కనబడాలి. అరనిమిషం చూసి దించాక కళ్లు లాగుతున్నట్టుంటే అది మీకు వద్దు. కొన్నాక మొదటి పని కుడి కన్ను దగ్గరి చక్రాన్ని సరిచేసుకోవడం: కుడివైపు అద్దం మూసి ఎడమ కంటితో నడుమ చక్రం తిప్పి ఫోకస్ చేయండి, ఆ తర్వాత ఎడమవైపు మూసి అదే వస్తువును కుడి కంటి చక్రంతో సరిచేయండి. ఈ పని చేయకుండానే "నాకు బైనాక్యులర్ అచ్చిరాలేదు" అని అటక మీద పెట్టేసినవాళ్లు ఎందరో.

పిట్టను పట్టుకోవడానికి ఒక కిటుకు. పిట్ట మీదినుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. అందరూ చేసే తప్పు, తల దించి బైనాక్యులర్ వైపు చూసి మళ్లీ పైకెత్తడం. ఈలోగా పిట్ట ఎగిరిపోయినా పోకపోయినా, మీకైతే దొరకదు.

## కెమెరా

దీని గురించి తక్కువ చెబుతాను, నాకు దీని మీద కాస్త కోపం ఉంది గనక. 83 రెట్ల జూమ్ ఉన్న నికాన్ పీ900 లాంటివి వచ్చాక లెన్సులు మార్చే బాధ లేకుండా చెరువు అవతలి గట్టు మీది పిట్ట కన్ను కూడా తీయొచ్చు. అనుమానమున్న పిట్టను ఫొటో తీసి ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు, తెలిసినవాళ్లకు చూపించొచ్చు. అరుదైన పిట్టను చూశామంటే నమ్మించడానికి ఫొటోకు మించిన సాక్ష్యం లేదు.

కోపం ఎందుకంటే, కెమెరా చేతిలో ఉన్నంతకాలం నేను పిట్టను చూడలేదు, సెట్టింగులు చూశాను. ఒక పొద్దున తెల్లరొమ్ము లకుముకి పిట్టవి 300 ఫొటోలు తీశాను. అది చేపను పట్టిందో, తొండను పట్టిందో ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసి చూసుకుంటే గానీ తెలియలేదు. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి అని కాళ్లు లాగుతాయి. గూడు దగ్గర ఇది మరీ చెడ్డది, మీరు ఆకులు పక్కకు జరిపి తీసిన ఫొటోను మీకంటే ముందు చూసేది పక్క చెట్టు మీది కాకి. గూళ్ల ఫొటోలు వద్దనే చెబుతాను, ఎవరేమన్నా.

ఇంట్లో ఇప్పటికే కెమెరా ఉందా, వాడండి. పిట్టల కోసమని కొత్తగా కొనేముందు ఒక ఏడాది ఆగండి.

## పిట్టల్నే ఇంటికి పిలిస్తే?

బాల్కనీలో గింజలు వేస్తే సరిపోదా అని అడుగుతారు. వేస్తే వచ్చేవి ముందు పావురాలు, తర్వాత కూడా పావురాలు. మిగతావాటికి చోటు దొరకదు, పై అంతస్తు వాళ్లతో గొడవలు అదనం. గింజల కంటే నీళ్లు మేలు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు, నీడలో, రెండు రోజులకోసారి కడిగి మార్చాలి, లేకపోతే దోమలు. మే నెలలో మధ్యాహ్నం మా మూకుడు దగ్గర గోరింకలు వరుస కడతాయి. అంతకంటే మంచిది ఒక మందారం, ఒక నూరువరహాల చెట్టు. తేనెపిట్టలు వాటంతటవే వస్తాయి, కుండీలో ఆకు పెద్దగా ఉంటే దర్జీపిట్ట దాన్ని దారంతో కుట్టి గూడు కూడా పెట్టొచ్చు.

## ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, నాలుగో అంతస్తు వాళ్లు అదృష్టవంతులు, ఆ సంగతి వాళ్లకు తెలియదు. కిందివాళ్లు మెడలు పైకెత్తి చూసే చెట్టు కొసలు మీ కంటి ఎత్తులో ఉంటాయి. ఒక నెల చెవులు, నోటుబుక్కు. ఆ నెలలో కనీసం పదిహేను రోజులు నిజంగా బాల్కనీలో నిలబడ్డారనుకుంటే అప్పుడు 8×42 కొనండి. నిలబడలేదనుకుంటే 10 వేలు మిగిలాయి.

పిల్లలున్న ఇల్లైతే బైనాక్యులర్ తొందరపడకండి. ముప్పావు కిలో బరువు మెడలో వేస్తే రెండో రోజుకు వదిలేస్తారు. వాళ్లకు యాప్ పోటీ ఆట: ముందు ఎవరు పేరు చెబితే వాళ్లు గెలిచినట్టు, ఫోన్ తీర్పరి. పెద్దయ్యాక 8×32 తేలికగా ఉంటుంది.

రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్లకు అన్నీ పనికిరానివే, చెవి తప్ప. తీతువు అరుపు వినేది మీరే. "తీతువు కూస్తే చెడు" అని మా అమ్మ తలుపు వేసేస్తుంది. అది నేల మీద, ఒక్కోసారి మిద్దెల మీద కూడా గుడ్లు పెడుతుంది, కుక్కో మనిషో అటు నడిస్తే అరిచి గోల చేస్తుంది. భయపడేది మనం కాదు, అది.

ఒక్కరే చేయడం విసుగనిపిస్తే పిట్టల లెక్కలు నమోదు చేసుకునే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో లిస్టులు రాయండి, దీనికి చెవులు ఉన్నా చాలు, అక్కడ విన్న పిట్ట కూడా చూసిన పిట్టతో సమానంగా లెక్కకొస్తుంది. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతుల గురించి మాట్లాడగలిగిందంటే, దాని వెనక సుమారు 30 వేల మంది మనలాంటివాళ్లు రాసిన లిస్టులే ఉన్నాయి. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, ఒకచోట 15 నిమిషాలు నిలబడి లెక్కపెడితే చాలు. హైదరాబాద్ వాళ్లకైతే 1980 నుంచీ నడుస్తున్న పిట్టలు చూసేవాళ్ల సంఘం డెక్కన్ బర్డర్స్ ఉంది, వాళ్లతో ఒక ఆదివారం తిరిగితే నేను ఇక్కడ రాసినదానికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

ఇక చెవి మందగించిన పెద్దవాళ్లు. మా మేనమామకు డెబ్బై రెండు. తేనెపిట్ట కూత ఆయనకు అసలు వినబడదు. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన ఫోన్‌లో మెర్లిన్ పెట్టిచ్చాను, పేర్ల కోసం కాదు, గీతల కోసం. ఇప్పుడు పొద్దున్నే అరుగు మీద కుర్చీ వేసుకుని ఫోన్ ఒళ్లో పెట్టుకుంటాడు. తెర పైభాగంలో సన్నటి గీతలు వరుసగా లేచాయంటే తల ఎత్తి మందారం చెట్టు వైపు చూస్తాడు. మొన్న ఫోన్ చేసి, "రెండున్నయిరా, ఒకటి నల్లగ మెరుస్తంది, ఒకటి పసుప్పచ్చగుంది. ఆడదేగదా అది?" అని అడిగాడు. అవును మామా, ఆడదే.